ప్రజాదూత గాజుల లక్ష్మీనరసుశెట్టిగారు

రాజనీతియందు దౌత్యము ప్రధానాంగము. కౌటిల్యుడు దూతలను నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు అని మూడు తెఱగులుగా విభజించెను. సర్వాధికారములతో వెడలువాడు మొదటివాడు. నిర్ణీతమైన కార్యమునకు మాత్రమే యధికారము గలవాడు రెండవవాడు. లేఖను జేర్చి మఱలి వచ్చువాడు మూడవవాడు. ఈ మువ్వురి వెనుకను రాజొకడుండును, రాజముద్ర యుండును. అట్టి రాజుగాని ముద్రగాని లేకయే, ప్రజలపక్షమున సముద్రమున కావలనున్న పార్లమెంటుతో వ్యవహారము నెరపిన తెలుగు వర్తకుడొకడు గలడు. ఆయనయే గాజుల లక్ష్మీనరసుశెట్టిగారు. ఆ మహనీయుని చరిత్రమును సోదరులకును, పోషకులకును సంగ్రహముగా విన్నవింప గోరుచున్నాము.

లక్ష్మీనరసుశెట్టిగారు 1806లో మద్రాసు నగరమున జన్మించిరి. తండ్రి సిద్ధులుశెట్టిగారు నీలిమందు వ్యాపారమున ధనమార్జించిన వర్తకులు. కుమారుడును యుక్తవయస్సున నా వ్యాపారముననే ప్రవేశించెను. నాటి పరిపాలనమెట్టిదో తెలిసికొనినగాని వారి కృషి యర్థము కాదు. మద్రాసు రాజధానిని ఈస్టిండియా కంపెనీ యేలుచుండెను. గవర్నరు సభలో దేశీయునకు స్థానము లేదు. గవర్నరుపై నధికారము లండనులోని డైరెక్టర్ల కోర్టునకును, కంపెనీకి ఇరువదేండ్ల కొకమారు సన్నదు నొసగు హక్కు పార్లమెంటునకును గలవు. కావున మద్రాసు రైతు మొఱ తీరవలెనన్న నది లండనులో వినబడవలెను. ఈ మర్మమును మన దక్షిణదేశమున నందఱికంటె ముందుగా గ్రహించినవారిలో శెట్టిగారొకరు.

1844లో వారు క్రెసెంటు అను నింగ్లీషు పత్రికను స్థాపించిరి. క్రెసెంటనగా నెలవంక. హార్లీ యను నాంగ్లేయుడు దానికి సంపాదకుడు. పాలకుల భాషలోనే పాలకులకు జెప్పవలెననుట యిందలి యుపాయము. ప్రభుత్వమువారు ఆ పత్రికను మొదటినుండియు ననుమానముతో జూచిరి. దాని ప్రకటనను తమ గెజెటులో ముద్రించుటకైన నంగీకరింపలేదు. శెట్టిగారు వెనుదీయలేదు.

ఆ కాలమున గవర్నరుగా నుండిన ట్వీడేలు ప్రభువు ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథముగా జేర్పదలచెను. 1846లో శెట్టిగారి నాయకత్వమున పురజనులు సభ చేసి, డైరెక్టర్లకు విన్నపము పంపిరి. 1847లో డైరెక్టర్లు గవర్నరు యోచనను నిరాకరించిరి. గవర్నరు మాటను గవర్నరు యజమానులచేతనే రద్దు చేయింపవచ్చునని ప్రజలకు దీనివలన దెలిసెను. అయితే వారి ప్రయత్నములన్నియు ఫలించెనని చెప్పజాలము. మతము మారినవానికి పిత్రార్జితపు హక్కు పోరాదను శాసనమును వారు ప్రతిఘటించినను, అది 1850లో శాసనమయ్యెను. ఈ విషయమున నేటివారు వారితో నేకీభవింపకపోవచ్చును. వారి పద్ధతి మాత్ర మందఱకును గ్రాహ్యమే.

1851లో కలకత్తాలో బ్రిటిషిండియను సంఘము వెలసెను. దానికి శాఖగా 1852లో మద్రాసున నొక సంఘమేర్పడి, స్వల్పకాలములోనే విడివడి, మద్రాసు నేటివు అసోసియేషనను పేర స్వతంత్రమాయెను. బంగాళమున జమీందారీ పద్ధతి, ఇచ్చట రైతువారీ. రైతు నేరుగా సర్కారు తహసీలు సిబ్బంది చేతిలో జిక్కియుండుటచే నిచ్చటి మొఱ వేఱు. సన్నదు మార్పు సమీపించుటచే నీ సంఘమువారు పార్లమెంటునకు మహజరు పంపిరి. పన్నుల భారము, వసూళ్ళయందలి హింస, న్యాయస్థానములలోని కాలయాపన, బాటలు, జలాధారములు, విద్య — వీని యందలి యుపేక్ష అందు విశదీకరింపబడెను. 1833 ప్రాంతమున గుంటూరు సీమను మ్రింగిన కఱవునకు అప్పటికి ఇరువదేండ్లే గడచెను. 1853లో పార్లమెంటు కంపెనీ సన్నదును బొడిగించెను గాని, వెనుకటివలె నిరువదేండ్ల గడువును మాత్రము నిర్ణయింపలేదు.

కాగితముపై వ్రాసిన మొఱ చాలదని శెట్టిగారెఱుగుదురు. 1853లో డాన్బీ సేమూరను కామన్సు సభాసభ్యుడు మద్రాసునకు రాగా, శెట్టిగారాయనకు స్వాగతమొసగి, దక్షిణ జిల్లాల గ్రామములను జూపిరి. శిస్తు చెల్లింపలేని రైతును మండుటెండలో నిలువబెట్టుట, నడుము వంచి కట్టివేయుట, వ్రేళ్ళను కిట్టి యను కొయ్య సాధనమున నొక్కుట మొదలగు క్రూరకృత్యములను సేమూరు దెలిసికొనెను. 1854 జులైలో కామన్సు సభయందు వీనిని గూర్చి చర్చ జరిగెను. ఆ సంవత్సరముననే ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అను మువ్వురతో మద్రాసున విచారణసంఘ మేర్పడెను. రాజధాని నలుమూలలనుండి ప్రజలు తమ బాధలను జెప్పికొనిరి. శిస్తు వసూలునందును, నేరము నొప్పించుటయందును హింస గలదని 1855 నివేదిక యొప్పుకొనెను. అది పరదేశములందును జదువబడెను. 1857లో కార్ల్ మార్క్సు న్యూయార్కు పత్రికయందు దానిని గూర్చి వ్రాసెను. 1859లో మద్రాసునకు గ్రొత్త పోలీసు శాసనమేర్పడి, పోలీసుశాఖ శిస్తు వసూలుదారులనుండి వేఱుచేయబడెను. ఒకే చేతిలో శిస్తును బెత్తమును నుండుటయే హింసకు మూలమని తేలిన ఫలమిది.

1858లో కంపెనీ పాలన ముగిసి దేశము రాణీగారి వశమాయెను. వెనుక ననుమానించిన ప్రభుత్వమే శెట్టిగారికి సి.ఎస్.ఐ. బిరుదము నొసగెను, 1863లో మద్రాసు శాసనసభకు వారిని సభ్యునిగా నియమించెను. కాని పత్రికకును సంఘమునకును వెచ్చించి వెచ్చించి వారి సిరి హరించుకొనిపోయెను. నీలిమందుతో నిండిన యిల్లు బీదరికమును జూచెను. 1868లో వారు స్వర్గస్థులైరి. వారి యనంతరము సంఘమును క్షీణించెను. అయినను 1884లో చిత్తూరు సీమకు జెందిన పనప్పాకము ఆనందాచార్యులుగారు మొదలగువారు మద్రాసు మహాజనసభను స్థాపించిరి. మఱుసటి యేటనే కాంగ్రెసు పుట్టెను. ఈ పంటకు దుక్కి దున్నినవారిలో శెట్టిగా రగ్రగణ్యులు.

సోదరులారా! వార్షిక మహాసభలయందు మనము తీర్మానములను జేసి ప్రభుత్వమునకు బంపుచుందుము. పంపుటతో కార్యము ముగిసినదని తలచుదుము. శాసనహరుని పని యంతమాత్రమే. శెట్టిగారట్లు కాక, విన్నపమునకు సాక్ష్యమును గూర్చిరి. వినవలసినవానిని రప్పించి, కన్నులార జూపిరి. ఒక మార్గము మూతపడిన మఱియొక మార్గమును వెదకిరి. మఱియు వారు తమవారి లాభమునకై మాత్రమే యడుగలేదు. తాము వర్తకులయ్యు, నాగలి బట్టిన రైతు వీపుపై దెబ్బను దమదిగా దలచిరి. ఒక వర్గము మొఱ దేశము మొఱ యగుట కిదియే కారణము.

పోషకులకును ఒక మాట విన్నవింతుము. ధనము గలవారు సత్రములను గట్టించుట, అన్నదానము చేయుట మనకు బరిపాటి, అవి పుణ్యకార్యములే. నోరులేనివానికి నోరగుటకై వెచ్చించిన ధనమునకు శిలాఫలకము లేదు, తిరుగు రాబడి లేదు. శెట్టిగారు తమ సర్వస్వమును ఆ దానముననే ముగించిరి. నూట యేబది యేండ్లకు పైబడినను వారి పేరు చెడకుండుటయే దానికి ఫలము.