ఆపద్బాంధవుడు సుగిహారా

1940వ సంవత్సరము జూలై మాసమున లిథువేనియా దేశపు కౌనస్ నగరములో, జపాను కాన్సలేటు నెలకొన్న ఇంటి ముందు జనము గుమిగూడెను. అందు స్త్రీలు, వృద్ధులు, చంటిబిడ్డలతో వచ్చిన తల్లులు కలరు. వారిలో పెక్కుమంది పోలండునుండి పారిపోయి వచ్చిన యూదులు. 1939 సెప్టెంబరులో హిట్లరు సేనలు పోలండుపై బడగా ఈ చిన్న దేశమున తలదాచుకొనిరి. 1940 జూనులో దీనిని సోవియట్ సేనలు ఆక్రమించి, విదేశీ కాన్సలేట్లను మూయవలెనని ఆజ్ఞాపించినవి. పడమట జర్మనులు, తూర్పున సైబీరియా మీదుగా జపాను చేరుట యొక్కటే మిగిలిన దారి. అందులకు జపాను వీసా కావలెను. దానిని ఈయగల అధికారి చియూనే సుగిహారా.

ఆయన 1900 జనవరి 1వ తేదీన జపానులోని గిఫు మండలమున జన్మించెను. తండ్రి కుమారుని వైద్యుని చేయదలచెను. కుమారునకది సమ్మతము గాదు. వైద్యకళాశాల ప్రవేశపరీక్షలో తన పేరు మాత్రము వ్రాసి, జవాబులు వ్రాయక లేచివచ్చెనని చెప్పుదురు. ఉపాధ్యాయులు మెచ్చదగిన పని కాదుగాని, మనసొప్పని ఆజ్ఞ ఎదురైనచో ఆ బాలుడేమి చేయునో అప్పుడే తెలిసినది. తరువాత వాసెడా విశ్వవిద్యాలయమున చదువుచు విదేశాంగశాఖ పరీక్షలో నెగ్గెను. ఆ శాఖ హార్బిన్ నగరమునకు పంపగా అచ్చట రష్యన్ భాష నేర్చెను. మంచూరియాలో సోవియట్లనుండి రైలుమార్గమును కొనుటకు జరిగిన బేరములందు ఆయన నేర్పరితనము వెల్లడియయ్యెను. అయినను అచ్చటి చీనీయులయెడ జపానువారి క్రూరప్రవర్తన సహింపక ఆ పదవి విడిచెను. 1939లో కౌనస్‌లో కాన్సలేటు తెరచుటకు వచ్చెను. జర్మను, సోవియట్ సేనల కదలికలు కనిపెట్టుటయే ఆయనకు అప్పగింపబడిన అసలు పని.

వీసాల విషయమున జపాను నిబంధన స్పష్టము. ప్రయాణికుని చేత చాలినంత ధనముండవలెను. కడకు పోయి చేరు దేశపు అనుమతియు నుండవలెను. ఈ రెండవది డచ్చి కాన్సల్ యాన్ జ్వార్టెండిక్ వలన కొంత తీరినది. డచ్చివారి కురసావ్ దీవికి వీసా అక్కరలేదని ఆయన కాందిశీకుల పత్రములపై వ్రాసియిచ్చెను. నిజమునకు అచ్చట దిగుటకు గవర్నరు అనుమతి కావలెను. ఆ మాటను మాత్రము ఆయన వ్రాయలేదు! సుగిహారా మూడుమారులు టోక్యోకు తంతి పంపెను. నిబంధన సడలింపవలదని మూడుమారులును జవాబు వచ్చెను. ధిక్కరించినచో ఉద్యోగము పోవును. ఇంట భార్య యుకికో, ముగ్గురు పసిబిడ్డలు. భార్యతో ఆలోచించి ఆయన కలము పట్టెను.

ఆ దినములలో తిండికిని తీరిక లేక వ్రాసెను. ప్రతి వీసాయు చేతితో వ్రాయవలసినదే. రాత్రి యుకికో ఆయన చేయి ఒత్తుచుండెడిది. ఆయన పట్టికలో 2,140 పేర్లున్నవి. ఒక్క పత్రముపై కుటుంబమంతయు పోవుట కలదు గనుక, బయటపడినవారు ఆరువేలని కొందరును, అంతకు తక్కువయని కొందరును లెక్కింతురు. సెప్టెంబరు ఆరంభమున ఊరు విడుచునపుడు రైలు కదలువరకును వ్రాయుచునే యుండెనట.

శీతకాలమున ఉత్తరదేశముల పక్షులు మన కొల్లేటికి వచ్చును. వానిని పత్రమడుగువారు లేరు. ఈ మనుష్యులు మాత్రము ఒక్క కాగితమును ప్రాణముగా నెంచుకొని, సైబీరియాను రైలులో దాటి, వ్లాదివోస్తోక్‌లో ఓడనెక్కి, జపానులోని త్సురుగా రేవున దిగిరి. కోబే నగరమున కొన్ని నెలలుండి, కొందరు అమెరికాకును, పెక్కుమంది షాంఘైకిని పోయిరి. మీర్ అను ఊరి ప్రసిద్ధ యూదు వేదపాఠశాల గురుశిష్యులు ఇట్లే బ్రతికిరి. 1941 జూనులో జర్మనులు లిథువేనియాలో ప్రవేశించిరి. అచ్చట మిగిలిన యూదులలో నూటికి తొంబదిమందికి పైగా హతులైరి.

యుద్ధానంతరము సుగిహారా కుటుంబముతో రుమేనియాలో సోవియట్ నిర్బంధమున నుండి, 1947లో స్వదేశము చేరెను. విదేశాంగశాఖ ఆయనచే రాజీనామా చేయించెను. ఉద్యోగుల సంఖ్య తగ్గించుటకని శాఖ చెప్పినది. కౌనస్ వీసాలే కారణమని కుటుంబము నమ్మినది. (2000లో ఆ శాఖయే ఆయనకు స్మారకఫలకము నెలకొల్పినది.) ఆ యేటనే, కౌనస్‌లో పుట్టిన మూడవ కుమారుడు మరణించెను. ఒకప్పటి కాన్సల్ ఇంటింటికి తిరిగి విద్యుద్దీపములమ్మెను. పిదప రష్యన్ భాష అక్కరకు వచ్చి, ఒక వర్తకసంస్థ తరఫున మాస్కోలో చిరకాలము పనిచేసెను.

తన వీసాలతో ఎవరైన బ్రతికిరో లేదో ఆయనకు తెలియదు. 1968లో టోక్యోలోని ఇజ్రాయెల్ రాయబార కార్యాలయమునుండి పిలుపు వచ్చెను. పిలిచిన అధికారి యెహోషువా నిష్రి, కౌనస్‌లో ఆయన చేతి వీసా పొందినవాడే. ఇరువదియెనిమిదేండ్లకు ఆయనకు జవాబు దొరకినది. యూదులను కాపాడిన అన్యజాతి సజ్జనులకు ఇజ్రాయెల్ ఇచ్చు గౌరవము 1985లో లభించెను. అస్వస్థతచే ఆయన పోజాలక, కుటుంబమువారు దానిని స్వీకరించిరి. జ్వార్టెండిక్ అదే గౌరవమును 1997లో పొందెను. అప్పటికి ఆయన గతించి ఇరువదియొక్క యేండ్లు.

1986 జూలై 31వ తేదీన సుగిహారా కన్నుమూసెను. అంత్యక్రియలకు ఇజ్రాయెల్ రాయబారి మొదలగువారు తరలివచ్చిరి. ఈ వృద్ధుడెవరో ఇరుగుపొరుగువారికి ఆనాడు తెలిసినది.