నవ్వుతూ దాచేసిన ఎలిజబెత్

ఎలిజబెత్ హ్యూస్ జీవితం చదివినప్పుడల్లా నాకా పిల్ల మీద ముద్దూ వస్తుంది, కాస్త కోపమూ వస్తుంది.

అమెరికాలో పెద్ద నాయకుడు చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ గారి చిన్న కూతురు. 1907లో పుట్టింది. 1919లో, పన్నెండేళ్లు నిండకముందే షుగరు జబ్బని తేలింది. అప్పటికి ఇన్సులిన్ లేదు. డాక్టర్ ఫ్రెడరిక్ ఆలెన్ వైద్యమంతా ఒకటే... తిండి తగ్గించి ప్రాణం నిలబెట్టడం. కూరగాయల్ని మూడుసార్లు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టేవారు. పెట్టే ముందు తూకం! తోడుగా బ్లాంచ్ బర్జెస్ అనే నర్సు ఉండేది. మరుసటేడు అక్క హెలెన్ క్షయతో పోయింది. ఆ తల్లి ఆంటొనెట్ ఎలా తట్టుకుందో!

1922 ఆగస్టు నాటికి పదిహేనేళ్ల ఎలిజబెత్ బరువు ఇరవై కిలోలు. అలాంటి స్థితిలోనూ అమ్మకు ఉత్తరాలు రాస్తే పుస్తకాలు, పిట్టలు, ఊళ్ల కబుర్లే. ఏడుపు దాదాపు కనబడదు. అందరూ మంచిపిల్ల అని మెచ్చుకున్నారు. నాకు కోపమొచ్చేది ఆ మెప్పు మీదే.

ఎందుకంటే మా అమ్మాయికీ ఇదే జబ్బు. తాడేపల్లిలో మా వీధి వీధంతా దాన్ని పెంకిపిల్ల అనేవారు. ఒకరోజు బడిలో పదకొండు గంటలప్పుడు పెన్సిలు విసిరికొట్టిందట. పొగరని బయట నిలబెట్టారు. నేను పరుగున వెళ్లి వేలు పొడిచి చూస్తే 54! మెదడు నడిచేది ముఖ్యంగా గ్లూకోజు మీదే కదా. అది పడిపోతుంటే ఒళ్లు ఆడ్రినలిన్ వదులుతుంది. వణుకు, చెమట, ఆకలి, వాటితోపాటు కోపం, ఏడుపు. షుగరు బాగా పెరిగితే ఇంకో తీరు... దాహం, నీరసం, ప్రతిదానికీ విసుగు. అందుకని ముందు షుగరు చూసి, తర్వాత మందలించమంటాను. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటాగి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ప్రతి అలకా షుగరు వల్లేనని కాదు లెండి. రోజూ సూదులు పొడిపించుకునే పిల్లకు మామూలు కోపం కూడా రావద్దూ?

ఎలిజబెత్‌ను ఆ ఆగస్టులోనే తల్లి టొరంటో తీసుకెళ్లింది. అంతకు ముందేడే అక్కడ ఇన్సులిన్ కనుక్కున్నారు. బాంటింగ్ గారు స్వయంగా వైద్యం మొదలుపెట్టారు. కొన్ని వారాలకే పిల్ల బ్రెడ్డు, బంగాళాదుంప తినగలిగింది. బరువెక్కింది. కానీ ఆ రోజుల ఇన్సులిన్ ఒక విడత ఉన్నట్టు ఇంకో విడత ఉండేది కాదు. ఒకసారి చాలని మోతాదు మరోసారి ఎక్కువైపోయేది. షుగరు దబ్బున పడిపోయేది. ఇంట్లో చూసుకునే మిషన్లు ఎక్కడివి! మూత్రాన్ని ఓ మందులో వేడిచేసి రంగు చూడటమే. అది కూడా అప్పటికప్పుడు రక్తంలో ఎంతుందో చెప్పేది కాదు. చెమట, వణుకు చూసి ఊహించుకోవాల్సిందే.

తర్వాత బర్నార్డ్ కాలేజీలో 1929లో పట్టా పుచ్చుకుంది. 1930లో విలియం గాసెట్ అనే లాయరును పెళ్లాడింది. ముగ్గురు పిల్లల తల్లయింది. 1970ల్లో అమెరికా సుప్రీంకోర్టు చరిత్ర సంఘం పెట్టడంలో ముందు నిలిచింది. అంత చేసిన మనిషి, జబ్బు సంగతి మాత్రం బయటికి పొక్కనివ్వలేదు. తండ్రి కాగితాల్లో దాని ప్రస్తావన ఉన్నచోటల్లా తీసేయించింది. షుగరు పిల్లంటే జాలిపడే లోకం ఆమెకు చిన్నప్పుడే తెలిసి ఉంటుందని నా ఊహ.

1981 ఏప్రిల్‌లో, డెబ్బై మూడేళ్ల వయసులో పోయింది. అప్పటికి దాదాపు 42 వేల ఇంజెక్షన్లు తీసుకుందని లెక్క. ఆమెను రోజూ చూసే స్నేహితుల్లో ఆ సంగతి తెలిసినవాళ్లు బహు కొద్దిమంది.