అన్నమాచార్యులు – చందమామ పాట

గ్రంథాలయములలో పిల్లల కొరకు వేరుగా నుంచిన బల్లపై నేడు రంగురంగుల బొమ్మల పాటల పుస్తకములు కనబడుచున్నవి. అక్షరము రాని బిడ్డ సయితము వానిని తిరుగవేయును. బొమ్మను చూచి, చదివినట్లే పాటను పాడును. ఆ పుస్తకములలో తరచుగా కనబడు బొమ్మ యొకటి కలదు. ముంగిట తల్లి నిలిచియుండును. ఆమె చంకలో బిడ్డ, చేతిలో గిన్నె, పైన నిండు చందమామ. ఆ పాటకు సాధారణముగా కర్త పేరుండదు. అది అందరి తల్లుల సొత్తు. అయితే బిడ్డ కొరకు చందమామను పిలుచు ఆ వరుసను అయిదువందల యేండ్లకు పూర్వమే పాడి, రాగిరేకులలో నిలుచునట్లు చేసిన మహానుభావుడు రాజంపేటకు సమీపమున నున్న తాళ్లపాకలో జన్మించెను. ఆయనయే పదకవితా పితామహుడని లోకము కొనియాడు అన్నమాచార్యులు. భక్తుడుగా, వాగ్గేయకారుడుగా ఆయన నెరుగనివారు లేరు. పసివారి పాటకు పెద్దపీట వేసిన కవిగా ఆయనను తలచువారు మాత్రము కొందరే.

ఆయన చరిత్రము మనకు ముఖ్యముగా మనుమడైన తాళ్లపాక చిన్నన్న రచించిన ద్విపద కావ్యము వలన తెలియుచున్నది. ఆ కథ అన్నమయ్యతో గాక, ఆయన తాతతో మొదలగును. తాత నారాయణయ్య బాల్యమున చదువు కొరకు ఊటుకూరునకు పంపబడెను. ఎంత చెప్పినను అక్షర మాతని కబ్బలేదు. గురువులు దండించిరి. తోటివారు నవ్విరి. ఆ యవమానమునకు తాళలేక ఆ బాలుడు చింతలమ్మ గుడికడనున్న పాముపుట్టలో చేయి పెట్టెను. అంతట దేవి ప్రత్యక్షమై, తాళ్లపాక చెన్నకేశవుని కృపచే విద్య లభించుననియు, మూడవ తరమున పరమభక్తుడు జన్మించుననియు చెప్పి యూరడించెనని చిన్నన్న వ్రాసెను. దేవి దర్శనమును నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. దెబ్బలతో చదువు చెప్పినచో పసివాడు పాముపుట్ట కడకు పోవుననుట మాత్రము ఎల్ల కాలములకు చెల్లు సత్యము. ఆ తాత మనుమడే బిడ్డలను లాలించు పాటలు పాడుట విధి చేసిన చమత్కారము.

ఆ నారాయణయ్య కుమారుడు నారాయణ సూరి. ఆయన యిల్లాలు లక్కమాంబ. వారికి 1408వ సంవత్సరమున, సర్వధారి వైశాఖమాసమున, విశాఖ నక్షత్రమందు అన్నమయ్య జనించెను. పసితనము నుండి ఆయన నోట పాట తప్ప వేరు మాట లేకుండెను. ఉమ్మడి కుటుంబము, పశువులు, పొలము, పనులు. పాటలు పాడుచు తిరుగు పిల్లవానిని ఇంటివారు మందలించిరి. ఒకనాడు పశువులకు గడ్డి కోసికొని రమ్మని కొడవలి యిచ్చి పంపిరి. గడ్డి కోయుచుండగా చిటికెన వ్రేలు తెగెను. అప్పుడే ఆ త్రోవను పాడుచు పోవుచున్న తిరుమల యాత్రికుల గుంపు కనబడెను. బాలుడు కొడవలిని పారవైచి వారి వెంట నడచెను.

పోయినవాడు పిన్నవయస్కుడు, తోడు లేదు, మూటలో చద్ది లేదు. కొండ యెక్కుచు మోకాళ్ల పర్వతము చేరునప్పటికి ఆకలి చేతను, బడలిక చేతను సొమ్మసిల్లి వెదురుపొద క్రింద పడిపోయెను. ఆ స్థితిలో అలమేలుమంగ తల్లివలె వచ్చి, సాలగ్రామమయమైన ఆ కొండను చెప్పులు విడిచి యెక్కవలెనని తెలిపి, ప్రసాదము తినిపించెనని కథ. తెప్పరిల్లిన బాలుడు ఆ తల్లిపై ఆశువుగా శతకము చెప్పెనందురు. ఇంట చీవాట్లు తిన్న బిడ్డను కొండమీద ఒక తల్లి పిలిచి యన్నము పెట్టెను. ఆనాటి నుండి ఆయన కవిత్వమున నెక్కడ చూచినను పిలిచి తినిపించు తల్లి కనబడుచునే యున్నది.

తిరుమలలో ఘనవిష్ణువను వైష్ణవుని వలన ఆయన పంచసంస్కారములు పొందెను. పిమ్మట అహోబిలమున శఠకోపయతి కడ వేదాంతము నభ్యసించెను. పదునారవ యేట, అనగా 1424లో, స్వామి సాక్షాత్కారము పొంది సంకీర్తన రచన మొదలిడి, 1503వ సంవత్సర ఫాల్గున బహుళ ద్వాదశి వరకు సాగించెనని రాగిరేకుల మొదట చెక్కిన మాటలు తెలుపుచున్నవి. డెబ్బది తొమ్మిదేండ్లు ఒకే పని చేసిన జీవితమది. ఆయన సంకీర్తనలు ముప్పదిరెండు వేలని చిన్నన్న లెక్క చెప్పెను. నేడు దొరకునవి పండ్రెండు వేలకు పైచిలుకు.

ఆ కాలపు పండితులకు కావ్యమనగా వృత్తములు, ప్రబంధములు. ముంగిట పాడు పాటలు, రోకటి పాటలు కవిత్వపు లెక్కలోనికి వచ్చునవి కావు. పదమూడవ శతాబ్దినాడే పాల్కురికి సోమనాథుడు తుమ్మెద పదములను, వెన్నెల పదములను, గొబ్బి పదములను పేర్కొనెను. కావున అట్టి పాటలు జనుల నోళ్లలో పూర్వమే యుండెను. వానిని దేవుని సన్నిధికి తెచ్చి పాడు ధైర్యమే కావలసి యుండెను. ఆ ధైర్యము అన్నమయ్యకు గలిగెను. ఆయన జోల పాడెను, ఉయ్యాల పాడెను, గొబ్బి పాడెను. ఉట్ల పండుగను పాడెను. యశోద ముంగిట తిరుగు ముద్దుల బిడ్డను నవరత్నములతో పోల్చి పాడెను. బంగారు గిన్నెలో వెన్నయు పాలును తెమ్మని చందమామను పిలిచెను. ఆ బిడ్డ మాత్రము సాక్షాత్తు వేంకటేశ్వరుడు.

పిల్లల పాటలలో అర్థము లేని మాటలు మెండు. పెద్దలు వానిని పిచ్చి పాటలని త్రోసివేయుదురు. కాని నోటికి ఊపు, చేతికి తాళము నేర్పునవి ఆ మాటలే. వడ్లు దంచునపుడు ఊపిరితో వెలువడు సువ్వి యను పలుకునకు నిఘంటువులో అర్థము వెదకిన నేమి లాభము? రోకటి పోటే దాని యర్థము. అన్నమయ్య ఆ పలుకునే పల్లవిగా గైకొనెను. తందనాన యను తాళపు మాటను పట్టుకొని, ఏలిక నిద్రయు సేవకుని నిద్రయు నొక్కటేయని, బ్రాహ్మణుడు మెట్టు నేలయు చండాలుడుండు నేలయు నొక్కటేయని చాటెను. ఆయన పాడిన పరమసత్యములలో మిన్నయైనది అర్థములేని మాట భుజమెక్కియే ఊరూర తిరిగినది.

రాజాశ్రయము ఆయనను వెదకికొని వచ్చెను. టంగుటూరి నేలిన సాళువ నరసింహుడు ఆయనను గౌరవించి చేరదీసి, స్వామిపై పాడిన శృంగారపదము విని ముగ్ధుడై, తనపైనను అట్టి పదమొకటి చెప్పుమని కోరెను. హరిని పాడిన నోట నరుని పాడనని అన్నమయ్య చెవులు మూసికొనెను. రాజు కోపించి సంకెల వేయించెననియు, కవి స్వామిని తలచి పాడగా సంకెల వీడెననియు చిన్నన్న వ్రాసెను. ఇందొక విశేషము గమనింపదగినది. రాజును పాడుటకు నోరు రానివాడు, ఊయలలోని బిడ్డను పాడుటకు సంకోచింపలేదు. బిడ్డలో ఆయనకు దేవుడు కనబడెను, రాజులో కనబడలేదు.

ఆయన యిల్లాండ్రు తిమ్మక్క, అక్కలమ్మ. తిమ్మక్క రచించిన సుభద్రా కల్యాణము వలన ఆమెకు తొలి తెలుగు కవయిత్రియను కీర్తి వచ్చెను. కుమారుడు పెద తిరుమలాచార్యుడు తండ్రి పాటలను రాగిరేకులపై చెక్కించెను. తాటాకునకు చెదలు, నిప్పు, తడి శత్రువులు. రాగికి అవి లేవు. ఆ రేకులను తిరుమల ఆలయమునందే ఒక రాతి గదిలో భద్రపరచిరి. అదే సంకీర్తన భాండారము. దాని వాకిట నిరుప్రక్కల తండ్రికొడుకుల రూపములు రాతిలో చెక్కబడియున్నవి. లోపల పాట, వెలుపల బొమ్మ. బొమ్మయు పాటయు చేరియుండుట ఆ వాకిట నాడే కుదిరినది.

తరువాతి కథ విచిత్రమైనది. రాగి చెడలేదు గాని పాట మూగబోయెను. తరములు గడచినకొలది భాండారమును అందరు మరచిరి. పందొమ్మిదవ శతాబ్ది తొలి పాదమున తెలుగు వ్యాకరణము వ్రాసిన కాంబెల్ దొర, వ్యాకరణ గ్రంథ మేదైన దొరకునేమోయను ఆశతో ఆ రేకులకు ప్రతి వ్రాయించెను. దేవుని స్తుతులే విస్తారముగా నుండుటచే ఆ యాస ఫలింపలేదు. మరల ఒక నూరేండ్లు గడచిన పిమ్మట సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, అనంతపురము సీమవాడైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగువారి కృషిచే ఆ రేకులు వెలుగు చూచెను. చిన్నన్న కావ్యమును వేటూరివారు 1949లో విపులమైన పీఠికతో వెలువరించిరి. రేకులపై రాగము పేరు కలదు గాని స్వరము లేదు. కావున ఎన్నో పాటలకు రాళ్లపల్లివారు, వారి తరువాతివారు క్రొత్తగా వరుసలు కూర్చవలసివచ్చెను.

రాగి నిలిపినది మాటను మాత్రమే. అదే కాలమున, ఏ భాండారమును ఎరుగని తల్లులు, అక్షరమే రాని అవ్వలు చందమామను పిలుచు పాటను వరుసతో సహా నిలుపుకొనిరి. కడప సీమ కరవులలో, గంజియే గోరుముద్దయైన నాళ్లలో సయితము ఆ పాట ఆగలేదు. గిన్నెలో వెన్న లేకున్నను పాటలో నుండెను.

ఇట్టి పాటలకు బొమ్మలు కూర్చి పుస్తకములు వేయుట క్రొత్త కాలపు విద్య. ఇంగ్లండున బ్యాంకు గుమాస్తాగిరి విడిచి చిత్రకారుడైన రాండాల్ఫ్ కాల్డెకాట్, అచటి పిల్లల పాటలను, హాస్యగీతములను గైకొని 1878 మొదలు 1885 వరకు ఏటికి రెండు చొప్పున పదునారు బొమ్మల పుస్తకములు వెలువరించెను. ఆయన పేర అమెరికాలో 1938 నుండి బొమ్మల పుస్తకములకు పతకము నిచ్చుచున్నారు. తెలుగున న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మద్రాసు నుండి ప్రారంభించిన బాల పత్రిక పాటకు బొమ్మను తోడు చేసెను. చిత్రకారుడు బాపు తొలి బొమ్మ అచ్చయినది అందులోనే. 1947లో కడప జిల్లావాడైన నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి ప్రారంభించిన పిల్లల పత్రికకు చందమామయనియే పేరు పెట్టిరి. ఆరు దశాబ్దములకు పైగా వెలిగి ఆ పత్రిక నిలిచిపోయెను. చందమామను బిడ్డ కడకు తెచ్చు పని మాత్రము నిలువరాదు.

నేడు రాజంపేట చెంత అన్నమయ్యకు నూటయెనిమిది అడుగుల విగ్రహము నిలిచియున్నది. 2022లో ఒక జిల్లాకు ఆయన పేరు పెట్టిరి. ఈ గౌరవములన్నియు తగినవే. అయినను ఆయనకు ప్రీతియైన స్మారకము ఒకటి వేరుగా కలదు. బొమ్మల పుస్తకము బిడ్డ చేతికిచ్చి ఊరకున్నచో అది రాగిరేకు వంటిదే. మాట యుండును, వరుస యుండదు. ఆ పుటను తెరచి, బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, బొమ్మను వ్రేలితో చూపుచు గొంతెత్తి పాడువా రొకరు ఇంట నుండవలెను. గ్రంథాలయము పుస్తకము నీయగలదు. గొంతు నీయవలసినది ఇంటివారే. ఆ పాట విన్న బిడ్డ నాడు నారాయణయ్యవలె అక్షరమునకు వెరచి పుట్ట కడకు పోడు. తానై గ్రంథాలయపు మెట్లెక్కును.