జేమ్సు వాటు: పరుల కొలిమి, సొంత కొలిమి

ఉడుకు నీళ్లపాత్రపై మూత యెగిరిపడుట చూచి బాలుడగు జేమ్సు వాటు ఆవిరి యంత్రమును కనిపెట్టెనను కథ మన పాఠశాలలలో నెందరో చదివినదే. కథ మనోహరమే కాని, ఆ మహాశయుని జీవితమున తెలిసికొనదగిన భాగము మరియొకటి కలదు. యంత్రమునకు ఆలోచన వాటుది. ఇనుమును తొలచి దానికి రూపమిచ్చిన చేయి వేరొకరిది. ఇరువది యేండ్లు పరుల కర్మాగారమున జరిగిన ఆ పనిని తమ యింటికి తెచ్చుకొనవలెనా, వలదా యను ప్రశ్న వాటునకును, అతని భాగస్వామికిని తుదకు ఎదురయ్యెను. పని బయటికిచ్చి చేయించుకొను ప్రతి యజమానికిని నేడును ఈ ప్రశ్న తప్పదు. కావున ఆ చరిత్రమును సంగ్రహముగా చదువరులకు విన్నవించుచున్నాము.

వాటు 1736వ సంవత్సరము జనవరి 19వ తేదీని స్కాట్లండులోని గ్రీనాకు రేవుపట్టణమున జన్మించెను. దేహమున దుర్బలుడు, తరచు తలనొప్పిచే బాధపడువాడు, చేతిపనియందు మాత్రము అసమానుడు. 1755లో లండనునకు పోయి ఒక సంవత్సరము శాస్త్రపరికరముల పని నేర్చి, 1757లో గ్లాస్గో విశ్వవిద్యాలయమున పరికరములు చేయుటకు చిన్న పనిశాల సంపాదించెను. 1763–64 శీతకాలమున న్యూకొమెను యంత్రపు నమూనా యొకటి ఆతని యొద్దకు మరమ్మతునకు వచ్చెను. 1712 మొదలు గనులలోని నీటిని తోడుచుండిన యంత్రమది. సిలిండరులోని ఆవిరిపై చన్నీరు చిమ్మి దానిని నీరుగా మార్చుటచే సిలిండరు మాటిమాటికి చల్లారుచు, మరల దానిని కాచుటకే బొగ్గులో పెద్దభాగము వ్యర్థమగుచుండెను. ఆవిరిని వేరొక పాత్రలోనికి పోనిచ్చి అచ్చట చల్లార్చినచో సిలిండరు ఎల్లప్పుడును వేడిగనే యుండునని 1765లో వాటునకు తోచెను. ఆ యొక్క యూహయే ఆతని కీర్తికి మూలము.

ఊహ తోచుట యొకటి, యంత్రము నడచుట యొకటి. పాత యంత్రమున పిస్టనునకును సిలిండరు గోడకును నడుమనుండు సందును పిస్టనుపై నిలిపిన నీరే మూయుచుండెను. వాటు యంత్రమున ఆ నీటికి తావు లేదు. ఏలయన, నీరు చేరిన సిలిండరు చల్లారును. కాబట్టి సిలిండరు లోపలి గోడ సరిగా గుండ్రముగను, తిన్నగను ఉండి తీరవలెను. నాటి తొలిచెడి యంత్రములలో పొడవైన కడ్డీకి ఒక కొనయందు మాత్రమే కత్తులుండెడివి. ఆ కొనకు ఊత లేకుండుటచే, పోతలో నెచ్చట వంకర యున్న నచ్చట కత్తియు వంకరగనే పోవుచుండెను. కారను కర్మాగారమునకు సంబంధించిన డాక్టరు రోబకు వాటునకు పెట్టుబడి పెట్టెను. 1769లో పేటెంటు లభించెను. కాని కిన్నీలు గ్రామమున నిలిపిన యంత్రము, సిలిండరు చక్కగా కుదురకపోవుటచే సంతృప్తికరముగా నడువదయ్యెను. వాటు కుటుంబపోషణకై కాలువలకు నేల కొలుచు పనిలో ప్రవేశించెను. 1773లో రోబకు దివాలా తీసెను. ఆ యేటనే వాటు భార్యయు గతించెను.

బర్మింగుహాము నగర సమీపమున సోహో కర్మాగారమును స్థాపించిన మాథ్యూ బోల్టను అంతట రంగమున ప్రవేశించెను. ఈతడు 1769లోనే, మూడు జిల్లాలకు మాత్రము యంత్రములు చేయు హక్కును రోబకు ఇవ్వజూపగా నిరాకరించినవాడు. తన కర్మాగారము చెంత కాలువ యొడ్డున సర్వసాధనములతో మరియొక కర్మాగారము కట్టి, లోకమునకెల్ల యంత్రముల నందింపవలెనని యాతని సంకల్పము. రోబకు భాగము బోల్టనునకు సంక్రమించెను. 1774లో వాటు బర్మింగుహామునకు వలసపోయెను. 1775లో పార్లమెంటు వారి పేటెంటును 1800 వరకు పొడిగించెను. అయినను బోల్టను సంకల్పించిన కర్మాగారము ఇరువది యేండ్లు లేవనే లేదు. అంతటి సాహసికుడు అంతకాలము ఏల యాగెను?

కారణము జాన్ విల్కిన్సను. వేల్సుదేశమున బెర్షాము అనుచోట ఇనుప పోతపని చేయుచుండిన యీతడు 1774లో ఫిరంగులను తొలుచు పద్ధతికి పేటెంటు పొందెను. మరుసటి యేడు సిలిండరులకై వేరొక యంత్రము నిర్మించెను. రెండు కొనలును తెరచియున్న సిలిండరు గుండ కడ్డీని ఆసాంతము దూర్చి, దానిని రెండు వైపులను ఊతపై నిలిపి, కత్తులు తిరుగుచు కడ్డీ వెంట ముందునకు సాగునట్లు అమర్చెను. కడ్డీ కదలదు గనుక కత్తి పోతలోని వంకరను అనుసరింపదు. 50 అంగుళముల సిలిండరున దోషము పాత షిల్లింగు నాణెపు మందము కూడ లేదని బోల్టను సంతోషించెను. 1776లో వాటు యంత్రములు రెండు, ఒకటి టిప్టను వద్ద బొగ్గుగనిలోను, మరియొకటి విల్కిన్సను స్వంత కొలిమికి గాలి యూదుటకును, పని ప్రారంభించెను. పదునొకండేండ్ల నిరీక్షణము ఫలించినది.

అటుపై బోల్టను, వాటులు అవలంబించిన పద్ధతి గమనింపదగినది. యంత్రము కోరినవానికి వారు పటములను, నిలబెట్టు పనివానిని పంపుదురు. మిక్కిలి సూక్ష్మమైన కవాటములు మొదలగునవి సోహోలో చేయింతురు. సిలిండరును కొనువాడే విల్కిన్సను వద్ద తెప్పించుకొనవలెను. వారికి ముఖ్యాదాయము, పాత యంత్రముతో పోల్చగా మిగిలిన బొగ్గు విలువలో మూడవవంతు. దీనిచే ఇనుపకొలిమికి కావలసిన పెట్టుబడి వారికి తప్పెను. ఆ దినములలో బోల్టను ఋణభారమున క్రుంగియుండెను. కొలిమి కూడ పెట్టియున్నచో ఆ సంస్థ మునిగియుండెడిదని మా యభిప్రాయము. అంతేకాక, ఇనుము తొలుచు విద్య విల్కిన్సను చేతియందుండెను. తెలిసినవానిచే చేయించుకొనుటలో లఘుత్వము లేదు.

కాని కాలము మారినది. జాన్ విల్కిన్సనునకును, సోదరుడు విలియమునకును కలహము పుట్టి బెర్షాము పని చెదరెను. జాన్ తమకు తెలుపక, ప్రతిఫలము చెల్లింపక వాటు పద్ధతి యంత్రములను చేసి అమ్ముచుండినట్లు ఆ కలహమువలన బయటపడెను. 1800లో పేటెంటు ముగియనుండెను. అటుపై బొగ్గు పొదుపులో భాగమడుగు హక్కు ఉండదు, యంత్రము చేసి అమ్మువానికే లాభము. తాము యంత్రములు చేయనివారై, చేయు నేర్పు గలవాడు పోటీదారుడైనచో వారి గతి యేమి? 1794లో భాగస్వాములైన కుమారులు కూడ ఈ సంగతిని గ్రహించిరి. 1795లో స్మెథిక్కు వద్ద కాలువ ప్రక్కన భూమి కొనిరి. 1796 జనవరిలో సోహో పోతకర్మాగారము ప్రారంభమయ్యెను. బోల్టను 1769 నాటి సంకల్పము ఇట్లు నెరవేరెను. గోడలు లేచినంతమాత్రమున నేర్పు రాలేదు. పనివారిని కూర్చవలసివచ్చెను, పరికరములను దిద్దవలసివచ్చెను. వారి యుద్యోగియగు విలియం మర్డాకు మరతో పండ్లచక్రమును త్రిప్పి సిలిండరులను తొలుచు పద్ధతికి 1799లో పేటెంటు పొందెను.

1800లో వాటు వ్యాపారమునుండి విరమించి, ఇంటి మేడపైని చిన్న పనిశాలలో శిల్పములకు ప్రతిరూపములు చెక్కు యంత్రములతో ప్రొద్దుపుచ్చుచు, 1819 ఆగస్టు 25వ తేదీని గతించెను. విల్కిన్సను 1808లోను, బోల్టను 1809లోను అంతకు ముందే దివంగతులైరి. పేటెంటు పోయినను సంస్థ పోలేదు. 1895లో పరుల చేతికి పోవువరకు ఆ కర్మాగారమున వాటు పేరిట యంత్రములు తయారయ్యెను.

ఈ యంత్రములే 1785 మొదలు ఇంగ్లండున నూలుమిల్లులను నడపెను. ఆ నూలును, గుడ్డయు మన నేతగాండ్ర మగ్గములపై తెచ్చిన విపత్తును ఆంధ్రులు మరువలేదు. అయినను ప్రత్యర్థి కార్యకుశలతనుండి నేర్చుకొనుటకు సిగ్గుపడరాదు. స్వావలంబనము పేరిట తొలినాడే అన్ని పనులను నెత్తికెత్తుకొన్నవాడు ఋణమున మునుగును. చౌకయని సర్వమును ఎల్లకాలము పరులకే విడిచినవాడు వారి గుప్పిటిలో చిక్కును. పని నిలుకడగా వచ్చునా, చేయించుచున్నవానిపై నమ్మకము చెదరినదా, ఆ నేర్పు లేనిచో రేపు మన బ్రతుకునకే ముప్పా యను మూడింటిని విచారింపవలెను. మూడింటికిని ఔనను సమాధానము వచ్చిననాడు ఖర్చునకు వెరవక కొలిమి రాజేయవలెను. అంతవరకు పటములను, సూక్ష్మమైన పనిని, పరీక్షించు కన్నును మాత్రము చేజారనీయరాదు. వాటు, బోల్టనులు ఇరువది యేండ్లు ఓర్చి, ఆపై ఒక్క సంవత్సరమున తెగించిరి. ఆ యోర్పును, ఆ తెగువను మన పారిశ్రామికులు అలవరచుకొందురుగాక యని కోరుచున్నాము.