మాస్క్ తొడుక్కున్న ధైర్యం: జాక్ ప్లాంట్ (1929–1986)

రెండు జట్లూ సమ ఉజ్జీలైతే గెలుపును తేల్చేది ఏమిటి? క్రికెట్ చూసే ప్రతి ఇంట్లోనూ ఈ చర్చ వచ్చే ఉంటుంది. కెనడాలో ఇదే చర్చ ఐస్ హాకీ మీద నడుస్తుంది. అక్కడి స్టాన్లీ కప్ ప్లేఆఫ్స్‌లో రెండు జట్లు ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో తలపడతాయి. ముందుగా నాలుగు గెలిచిన జట్టుదే సిరీస్. ఇలాంటి సిరీస్‌లను దగ్గరగా చూసి, కొన్ని గెలిచి, కొన్ని ఓడి, చివరికి ఆ ఆటనే మార్చిన గోల్‌కీపర్ జాక్ ప్లాంట్. ఈ నెల స్ఫూర్తి పేజీలో ఆయన జీవితం చదవండి.

ఉబ్బసం ఉన్న పిల్లవాడు

జాక్ 1929 జనవరి 17న కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో, పదకొండు మంది పిల్లల్లో పెద్దవాడిగా పుట్టాడు. తండ్రి ఫ్యాక్టరీ కార్మికుడు. ఇంట్లో డబ్బుకు కటకటే. తల్లి దగ్గర ఊలు అల్లడం నేర్చుకుని తన టోపీలు తానే అల్లుకునేవాడు. పెద్ద ఆటగాడయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు.

ఉబ్బసం వల్ల ఎక్కువసేపు స్కేటింగ్ చేస్తే ఊపిరి అందేది కాదు. అందుకే గోల్ ముందు నిలబడే పని ఎంచుకున్నాడు. తండ్రి చెట్టు వేరు చెక్కి మొదటి స్టిక్ చేసిచ్చాడు. బంగాళదుంపల గోనె సంచులే కాళ్లకు ప్యాడ్లయ్యాయి.

1953: చావో రేవో మ్యాచ్

మాంట్రియల్ కెనడియన్స్ జట్టుకు ఆ సీజన్‌లో ప్లాంట్ ఆడినవి మూడే మ్యాచ్‌లు. ప్లేఆఫ్స్ సెమీఫైనల్లో షికాగో 3–2 ఆధిక్యంలోకి వెళ్లింది. ఇంకొక్కటి ఓడితే మాంట్రియల్ ఇంటికే. ఆ సమయంలో కోచ్ డిక్ ఇర్విన్ తన ప్రధాన గోల్‌కీపర్ జెర్రీ మెక్‌నీల్‌ను పక్కనపెట్టి, 24 ఏళ్ల ప్లాంట్‌ను దింపారు. షికాగోలోనే జరిగిన ఆ ఆరో మ్యాచ్‌లో ప్లాంట్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మాంట్రియల్ 3–0తో గెలిచింది. ఏడో మ్యాచ్ కూడా 4–1తో నెగ్గింది. ఫైనల్లో బోస్టన్‌ను ఓడించి కప్పు తీసుకుంది. రెండు జట్ల మధ్య పెద్ద తేడా లేనప్పుడు గోల్‌కీపర్ నిబ్బరం ఎంత పని చేస్తుందో హాకీ లోకం చూసింది.

మన చేతిలో లేనివి

అయితే గోల్‌కీపర్ ఒక్కడే అన్నీ తేల్చలేడు. 1954 ఫైనల్ డెట్రాయిట్‌తో ఏడో మ్యాచ్ దాకా, అందులోనూ అదనపు సమయం దాకా వెళ్లింది. అప్పుడు గోల్‌లో ఉన్నది మెక్‌నీల్. డెట్రాయిట్ ఆటగాడు దూరం నుంచి కొట్టిన పక్, మాంట్రియల్ మేటి డిఫెండర్ డగ్ హార్వీ గ్లవ్‌కు తగిలి, దిశ మారి గోల్‌లో పడింది. కప్పు చేజారింది.

1955లో మళ్లీ అవే జట్లు ఫైనల్‌కు వచ్చాయి. ఈసారి ప్రధాన గోల్‌కీపర్ ప్లాంటే. మాంట్రియల్ అగ్ర ఆటగాడు మారిస్ రిచర్డ్ సస్పెన్షన్‌లో ఉన్నారు. ఆ సిరీస్‌లో ఏడు మ్యాచ్‌లనూ సొంత మైదానంలో ఆడిన జట్టే గెలిచింది. లీగ్ పట్టికలో కేవలం రెండు పాయింట్లు ముందున్నందుకు ఏడో మ్యాచ్ డెట్రాయిట్‌లో జరిగింది. కప్పు కూడా అక్కడే ఉండిపోయింది. అదృష్టం, సొంత మైదానం, జట్టులో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నవి ప్లాంట్ చేతిలో లేవు. ఆయన చేతిలో ఉన్నది తన సన్నద్ధత ఒక్కటే.

మొహం మీద ఏడు కుట్లు

ఆ రోజుల్లో గోల్‌కీపర్లు మొహానికి ఏ రక్షణా లేకుండా ఆడేవారు. గట్టి రబ్బరుతో చేసిన పక్ సుమారు 170 గ్రాముల బరువుంటుంది. అది దూసుకొచ్చి తగిలితే ఎముకలు విరుగుతాయి. ప్లాంట్‌కు విరిగాయి కూడా. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన మాస్క్‌ను ఆయన ప్రాక్టీసులో వాడేవారు. మ్యాచ్‌లో మాత్రం కోచ్ టో బ్లేక్ ఒప్పుకోలేదు. మాస్క్ ఉంటే పక్ సరిగా కనపడదని, ఏకాగ్రత తగ్గుతుందని ఆయన అభిప్రాయం. మాస్క్ కోరేవాడు పిరికివాడని అనుకునేవారూ ఉన్నారు.

1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ ప్లాంట్ మొహానికి తగిలి రక్తం కారింది. ఏడు కుట్లు వేశారు. అప్పట్లో జట్టు వెంట రెండో గోల్‌కీపర్ ఉండేవాడు కాదు. మాస్క్ లేకుండా తిరిగి ఆడనని ప్లాంట్ తేల్చి చెప్పారు. బ్లేక్‌కు వేరే దారి లేకపోయింది. మాంట్రియల్ 3–1తో గెలిచింది, ఆ తర్వాత కూడా గెలుస్తూనే పోయింది.

1960 మార్చిలో కోచ్ మాట కాదనలేక ప్లాంట్ ఒక మ్యాచ్ మాస్క్ లేకుండా ఆడారు. జట్టు 3–0తో ఓడింది. మాస్క్ మళ్లీ మొహం మీదకు వచ్చింది. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో మాంట్రియల్ ఆడిన ఎనిమిది మ్యాచ్‌లూ గెలిచింది. వరుసగా ఐదో కప్పు అది. ఆ రికార్డును ఇంతవరకు ఎవరూ అందుకోలేదు.

తర్వాతి కాలం

1965లో ఆట మానేసిన ప్లాంట్, 1968లో సెయింట్ లూయిస్ జట్టుతో తిరిగి వచ్చారు. 40 ఏళ్ల వయసులో, గ్లెన్ హాల్‌తో కలిసి, ఉత్తమ గోల్‌కీపింగ్‌కు ఇచ్చే వెజినా ట్రోఫీని ఏడోసారి అందుకున్నారు. 1970 ఫైనల్లో ఒక పక్ మాస్క్‌కు తగిలి స్పృహ తప్పి పడిపోయారు. తన ప్రాణం కాపాడింది మాస్కేనని తర్వాత చెప్పారు. టొరంటోలో ఉండగా తనకన్నా చాలా చిన్నవాడైన బెర్నీ పేరెంట్‌కు మెళకువలు నేర్పారు. పేరెంట్ 1974, 1975లలో ఫిలడెల్ఫియాకు కప్పులు సాధించిపెట్టారు. 1986 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లో ప్లాంట్ కన్నుమూశారు. ఈ రోజు మాస్క్ లేని గోల్‌కీపర్ ఐస్ హాకీలో కనిపించడు.

మన ఇళ్లలో

పరీక్షల కాలంలో మన పిల్లలు కూడా సమ ఉజ్జీల మధ్యే పోటీ పడతారు. ఒకటి రెండు మార్కులతో ర్యాంకులు తారుమారవుతాయి. వచ్చే ప్రశ్నలు, ఆ రోజు ఒంట్లో ఎలా ఉంటుంది అన్నవి వారి చేతిలో లేవు. దెబ్బ తగులుతుందన్న భయం ఉంటేనే ఏకాగ్రత నిలుస్తుందని ప్లాంట్ కాలంలో పెద్దలు నమ్మారు. ఆ భయం తగ్గాకే ఆయన జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా కప్పు గెలిచింది. మార్కులు తగ్గినా ఇంట్లో తన స్థానం తగ్గదని తెలిసిన పిల్లవాడికి ఆ నమ్మకమే మాస్క్. దాన్ని ఇవ్వగలిగేది తల్లిదండ్రులే.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఈ కథ చెప్పి, పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి: పరీక్ష హాల్లో నీకు ఎక్కువ భయం దేనికి? వాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా వినండి.