చెరకు వంశం లెక్క చూసిన జానకి అమ్మాళ్

వానలు తగ్గిన తర్వాత మంచిర్యాల వద్ద గోదావరి ఇసుక తిన్నెల మీద తెల్లగా పూసే రెల్లును మన రామకృష్ణాపూర్ సభ్యులందరూ చూసే ఉంటారు. దానిని ఎవరూ నాటరు, ఎవరూ నీరు పెట్టరు. అటువంటి గడ్డి మనం రోజూ టీలో వేసుకునే పంచదారకు పూర్వీకులలో ఒకటంటే నమ్మడం కష్టమే. ఈ బంధుత్వాన్ని క్రోమోజోముల లెక్కలతో పరిశోధించిన శాస్త్రవేత్తలలో డాక్టర్ ఇ.కె. జానకి అమ్మాళ్ గారు ముఖ్యులు.

జానకి అమ్మాళ్ 1897 నవంబరు 4న కేరళలోని తలశ్శేరిలో జన్మించారు. తండ్రి సబ్ జడ్జి. ఆడపిల్లకు పెళ్ళే ముఖ్యమనుకునే ఆ రోజుల్లో ఆమె చదువును ఎంచుకుని, జీవితాంతం అవివాహితగానే ఉండిపోయారు. మద్రాసులో వృక్షశాస్త్రం చదివి, కొంతకాలం అధ్యాపకురాలిగా పనిచేసి, స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ 1931లో డాక్టరేట్ పొందారు.

అప్పట్లో మన దేశంలో చెరకు పరిస్థితి బాగుండేది కాదు. లావుపాటి తీపి చెరకు తెగుళ్ళకు, నీటి ఎద్దడికి తట్టుకోలేకపోయేది. ఉత్తరాది సన్న చెరకుకు దిగుబడి తక్కువ. పంచదార జావా నుంచి దిగుమతి అయ్యేది. 1912లో కోయంబత్తూరులో చెరకు పరిశోధన కేంద్రం ఏర్పడింది. అక్కడ బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ గార్లు తీపి చెరకును రెల్లుతో సంకరం చేసి కో 205 రకాన్ని సాధించారు. రకాల పేర్లలోని 'కో' కోయంబత్తూరుకు గుర్తు.

1934లో జానకి అమ్మాళ్ ఆ కేంద్రంలో చేరారు. రెల్లు రకాలను పరిశీలించి, వాటి క్రోమోజోములు లెక్కించి, ఏ రకం ఎక్కడ పెరుగుతుందో క్రోడీకరించారు. చెరకును మొక్కజొన్నతో సైతం సంకరం చేసి చూశారు.

క్రోమోజోములంటే వంశ లక్షణాలు రాసి ఉన్న రిజిస్టర్లని అనుకోవచ్చు. తీపి చెరకులో అవి 80. రెల్లులో రకాన్ని బట్టి 40 నుంచి 128 వరకు ఉంటాయి. మామూలుగా సంతానానికి తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. కాని తీపి చెరకు తల్లి అయి రెల్లు తండ్రి అయితే, సాధారణంగా తల్లి తన 80నీ ఇచ్చేస్తుంది, రెల్లు మాత్రం సగమే ఇస్తుంది. 64 ఉన్న రెల్లు నుంచి 32 వస్తే మొత్తం 112. రెండు ఆఫీసులను కలిపినప్పుడు ఒకటి పూర్తి రికార్డు, మరొకటి సగం రికార్డు పంపినట్లన్నమాట.

ఆ సంతతిని మళ్ళీ మళ్ళీ తీపి చెరకుతో కలిపే కొద్దీ రెల్లు వాటా తగ్గుతూ వచ్చింది. కొన్ని చోట్ల రెండింటి క్రోమోజోములు ముక్కలు మార్చుకుని అతుక్కున్నాయి కూడా. నేటి చెరకులో రెల్లు వాటా సుమారు 10 నుంచి 20 శాతమే. తెగుళ్ళను తట్టుకోవడం, పిలకలు వేయడం, కార్శి తోట బాగా ఎదగడం వంటి గుణాలు ఎక్కువగా ఆ కొద్ది వాటా నుంచే వచ్చాయి. ఈ అల్లిక ఎంత చిక్కైనదంటే, ఆర్ 570 అనే చెరకు రకం పూర్తి జన్యుపటం 2024లో గాని వెలువడలేదు.

1939లో ఎడిన్‌బరోలో జరిగిన జన్యుశాస్త్ర మహాసభకు వెళ్ళిన జానకి అమ్మాళ్, యుద్ధం రావడంతో ఇంగ్లండులోనే ఉండిపోయారు. 1945లో డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల గ్రంథం వెలువరించారు. 1951లో నెహ్రూ గారి ఆహ్వానంపై తిరిగి వచ్చి, బొటానికల్ సర్వే పునర్వ్యవస్థీకరణ బాధ్యత తీసుకున్నారు. 1977లో పద్మశ్రీ లభించింది.

అడవి మొక్క పోతే దానిలోని గుణాలూ పోతాయని ఆమె ఎరుగుదురు. అందుకే ఎనభై దాటిన వయసులో కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ముంచివేసే జలవిద్యుత్ ప్రాజెక్టును వ్యతిరేకించారు. 1983లో ఆ ప్రాజెక్టును విరమించారు. 1984లో ఆ అడవిని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. అది చూడడానికి ఆమె లేరు. అదే ఏడాది ఫిబ్రవరి 7న, 86వ ఏట, మద్రాసు శివార్లలోని మధురవాయల్‌లో కన్నుమూశారు. చివరి వరకు అక్కడి మద్రాసు విశ్వవిద్యాలయ క్షేత్ర ప్రయోగశాలలో పని చేస్తూనే ఉన్నారు.

మన సభ్యులు తమ మనుమలకు, ముఖ్యంగా సైన్సు చదువుతున్న మనుమరాళ్ళకు, ఈమె కథ తప్పక చెప్పవలసిందిగా కోరుతున్నాను.