విజ్జీ: క్రికెట్‌కి అన్నీ ఇచ్చారు, కెప్టెన్సీ తప్ప

మా గల్లీలో ఒక రూల్ ఉండేది. బ్యాట్ ఎవడిదైతే వాడిదే మొదటి బ్యాటింగ్. వాడికి ఆడటం రాకపోయినా సరే, ఎదురు చెప్తే బ్యాట్ చంకలో పెట్టుకుని ఇంటికి పోతాడు. ఇంచుమించు ఈ రూల్ మీదే ఒకప్పుడు భారత టెస్టు జట్టు నడిచిందంటే నమ్ముతారా? ఆ జట్టు కెప్టెన్ మన విజయనగరం వారే. ఊళ్లో విజ్జీ స్టేడియం పేరు ఆయనదే.

పూర్తి పేరు పూసపాటి విజయానంద గజపతి రాజు. 1905 డిసెంబర్ 28న విజయనగరం రాజకుటుంబంలో రెండో కొడుకుగా పుట్టారు. అందుకే మహారాజా కాలేదు, మహారాజకుమార్‌గానే ఉండిపోయారు. అజ్మీర్ మేయో కాలేజీలోనూ, ఇంగ్లండ్‌లోని హెయిలీబరీ స్కూల్‌లోనూ చదివారు. 1922లో తండ్రిగారు పోయాక అన్నగారికి గద్దె దక్కింది. ఈయన కాశీలో ఉన్న కుటుంబ ఆస్తుల దగ్గరికి వెళ్లిపోయారు. డబ్బుంది, తీరికుంది, క్రికెట్ అంటే పిచ్చి ఉంది.

1926లో సొంత జట్టు కట్టారు. కాశీ ప్యాలెస్ ఆవరణలోనే గ్రౌండ్ వేయించారు. 1930-31లో ఇంగ్లండ్ నుంచి రావాల్సిన ఎంసీసీ జట్టు, దేశంలో స్వాతంత్ర్య పోరాటం జోరుగా ఉండటంతో రాలేదు. అప్పుడు విజ్జీ తన ఖర్చుతో జట్టును తయారు చేసి భారతదేశంలోనూ సిలోన్‌లోనూ తిప్పారు. అందులో ఆడటానికి జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించారు. అప్పట్లో ప్రపంచంలోనే పేరుమోసిన ఓపెనర్లు వాళ్లు. కొన్నేళ్ల తర్వాత వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్‌ని కూడా తీసుకొచ్చారు. టీవీలు లేని ఆ రోజుల్లో అలాంటి ఆటగాళ్లను మనవాళ్లు కళ్లారా చూశారంటే అది ఈయన చలవే.

ఇంకో మంచి పని కూడా చేశారు. ఇందోర్‌లో ముష్తాక్ అలీ అనే కుర్రాడు బాగా ఆడుతున్నాడని తెలిసి, హైస్కూల్ వయసులోనే కాశీకి రప్పించి ఆట నేర్పించారు. ఈ కుర్రాడి పేరు గుర్తుపెట్టుకోండి.

ఇంతవరకు జమా. ఇక ఖర్చు చూద్దాం.

1932లో భారత్ మొదటి టెస్టు ఆడటానికి ఇంగ్లండ్ వెళ్లింది. ఆ టూర్‌కి పోర్‌బందర్ మహారాజా కెప్టెన్, లింబ్డీ యువరాజు వైస్ కెప్టెన్. విజ్జీకి డిప్యూటీ వైస్ కెప్టెన్ పదవి ఇచ్చారు, కానీ ఆరోగ్యం, ఫామ్ బాగాలేవని ఆయన వెళ్లలేదు. తన ఆట ఎంతో పోర్‌బందర్ మహారాజాకి తెలుసు. లార్డ్స్‌లో టెస్టు రోజు ఆయనా లింబ్డీ ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు. దాంతో తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు మన దేశపు మొదటి టెస్టు కెప్టెన్ అయ్యారు.

1936 ఇంగ్లండ్ టూర్‌కి వచ్చేసరికి కథ మారింది. పటౌడీ నవాబు పోటీలోంచి తప్పుకున్నారు. బోర్డు ఓటింగ్‌లో నాయుడి మీద విజ్జీ నెగ్గారు. ఇద్దరు నౌకర్లతో, 36 సామాన్లతో బయల్దేరారని చెప్తారు. జట్టులో విజయ్ మర్చంట్, మహమ్మద్ నిసార్, వజీర్ అలీ, లాలా అమర్‌నాథ్, ముష్తాక్ అలీ ఉన్నారు. అంటే సరుకున్న జట్టే. కానీ అది కెప్టెన్ వాళ్లు, నాయుడు వాళ్లు అని రెండు ముక్కలైంది.

అమర్‌నాథ్ ఆ టూర్‌లో దంచి ఆడుతున్నారు. ఎసెక్స్ మీద ఒకే మ్యాచ్‌లో రెండు సెంచరీలు కొట్టారు. మైనర్ కౌంటీస్‌తో ఆటలో ఏమైందంటే, ప్యాడ్లు కట్టుకుని కూర్చున్న ఆయన్ని ఆపి వేరేవాళ్లను ముందు పంపారు. ఆయన కోపం దాచుకోలేదు. ఫలితంగా మొదటి టెస్టు కూడా ఆడకుండానే ఆయన్ని ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. ఫామ్‌లో ఉన్న ఆటగాణ్ని పంపేసి, బ్యాటింగ్ రాని కెప్టెన్ మాత్రం మూడు టెస్టులూ ఆడారు.

లార్డ్స్‌లో 9 వికెట్ల తేడాతో ఓడిపోయాం. రెండో టెస్టు మాంచెస్టర్‌లో. మనవాళ్లు మొదటి ఇన్నింగ్స్‌లో 203కే అవుటైతే, ఇంగ్లండ్ 8 వికెట్లకు 571 కొట్టింది. ఓటమి ఖాయం అనుకున్నారు. అప్పుడు మర్చంట్‌తో కలిసి దిగాడు ముష్తాక్ అలీ. ఇద్దరూ కలిసి మొదటి వికెట్‌కే 203 పరుగులు చేశారు. ముష్తాక్ 112, మర్చంట్ 114. విదేశాల్లో భారతీయుడు కొట్టిన మొదటి టెస్టు సెంచరీ ముష్తాక్‌దే. మ్యాచ్ డ్రా అయింది.

ఈ మ్యాచ్ గురించి ఒక మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. మర్చంట్‌ని రనౌట్ చేయించమని కెప్టెనే ముష్తాక్‌కి చెప్పారట. ముష్తాక్ ఆ సంగతి పిచ్ మీదే మర్చంట్ చెవిన వేస్తే ఇద్దరూ నవ్వుకుని ఆట కొనసాగించారట. ఇందోర్ ముస్లిం కుర్రాడు, బొంబాయి హిందూ కుర్రాడు. పెద్దల తగాదాలు పెద్దలకే వదిలేసి జట్టు కోసం ఆడారు.

ఓవల్‌లో మళ్లీ 9 వికెట్ల ఓటమి. మూడు టెస్టుల్లో విజ్జీ చేసింది మొత్తం 33 పరుగులు, సగటు 8.25, అత్యధికం 19 నాటౌట్. ఆ టూర్ మధ్యలోనే ఆయనకి సర్ బిరుదు వచ్చింది. ఆ తర్వాత ఆయన మరో టెస్టు ఆడలేదు. 1937 జనవరిలో బొంబాయి హైకోర్టు చీఫ్ జస్టిస్ జాన్ బ్యూమాంట్ కమిటీ రిపోర్ట్ ఇచ్చింది. ఫీల్డర్లను నిలబెట్టడం, బౌలర్లను మార్చడం కెప్టెన్‌కి తెలియలేదని తేల్చింది. అమర్‌నాథ్ తప్పు లేదంది.

విజ్జీ మాత్రం క్రికెట్‌ని వదల్లేదు. 1947లో సర్ బిరుదు వదులుకున్నారు. 1954లో బోర్డు అధ్యక్షుడయ్యారు. రేడియోలో కామెంటరీ చెప్పారు. 1958లో పద్మభూషణ్ అందుకున్నారు. 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. నాకు అన్నిటికంటే నచ్చినది వేరే ఉంది. 1956-57లో ఉత్తరప్రదేశ్ రంజీ జట్టుకి కెప్టెన్‌గా 61 ఏళ్ల సి.కె. నాయుడిని ఆయనే పిలిపించారు. ఇరవై ఏళ్ల కింద ఎవరిని కాదని కెప్టెన్ అయ్యారో, ఆ మనిషికే జట్టు అప్పజెప్పారు.

1965 డిసెంబర్ 2న కాశీలో కన్నుమూశారు. యూనివర్సిటీ జట్లు ఆయన పేరు మీద విజ్జీ ట్రోఫీ ఆడుతున్నాయి.

కామర్స్ చదివినవాణ్ని కాబట్టి లెక్క తేల్చకుండా ఉండలేను. గ్రౌండ్, డబ్బు, హాబ్స్, ముష్తాక్ అన్నీ ఒకవైపు. ఒక్క కెప్టెన్సీ ఇంకోవైపు. 1936లో పోర్‌బందర్ మహారాజాలా తప్పుకుని ఉంటే ఆయన్ని భారత క్రికెట్ పెద్దదిక్కుగా తలుచుకునేవాళ్లం. ఈ మాట రాజులకే కాదు. మసీదు కమిటీ అయినా, స్కూల్ కమిటీ అయినా, వీధి టోర్నమెంట్ అయినా చందా ఎక్కువ ఇచ్చినవాళ్లు ఉంటారు, పని తెలిసినవాళ్లు ఉంటారు. ఇద్దరూ ఒకరే అవ్వాలని లేదు. బ్యాట్ మనదే కావచ్చు, బ్యాటింగ్ వచ్చినవాడి చేతికిద్దాం.